మూడు వారాల లోపు కోడిపిల్లలకి చేప పొడి, మాంసం పొడి, ఈకల పొడి పెట్టొచ్చా?

విభాగం: నాటు కోళ్ళు, పెరటి కోళ్ళు – మేత

పర్లాకిమిడి_నర్సరీ | ఆదివారం రాత్రి
అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి పక్కన పల్లె. వనరాజా రకం కోడిపిల్లల్ని ఒక్క రోజు వయసులో తెచ్చి, ఆరు వారాలు పెంచి చుట్టుపక్కల ఊళ్ళకి అమ్ముతుంటాను. మేత ఇంట్లోనే కలుపుకుంటాను: మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు, మినరల్ మిక్స్చర్. సోయా ధర పెరిగినప్పుడల్లా మిగిలేది ఏమీ ఉండదు.

మొన్న ఒక వ్యాపారి వచ్చి మూడు శాంపిళ్ళు ఇచ్చి వెళ్ళాడు. చేప పొడి 55 శాతం ప్రొటీన్ అట, మాంసం–ఎముకల పొడి 50 అట, ఈకల పొడి 80 అట. ఈకల పొడి ధర సోయా కన్నా తక్కువ. 80 శాతం అంటే సోయాకి దాదాపు రెట్టింపు కదా! సగం సోయా తీసేసి అది వేసేద్దాం అని నా ఆలోచన. మా నాన్న మాత్రం "పసిపిల్లలకి ఆ చెత్త వద్దురా" అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి. పెట్టొచ్చా, పెడితే ఎంత, ఏ వయసు నుంచి?

బరంపురం_బాబాయ్ | ఆదివారం రాత్రి
చేప లేకుండా పిల్ల ఎదగదు బాబూ. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు సోయా అనే మాటే వినలేదు. గోపాల్‌పూర్ నుంచి ఎండు కవ్వళ్ళు, చితికిన నెత్తళ్ళు బస్తాల్లో తెచ్చుకుని దంచి నూకల్లో, చోళ్ళల్లో కలిపేవాళ్ళం. పిల్లలు మేత తొట్టి వదిలేవి కావు. రెక్కలు ఎంత తొందరగా వచ్చేవో! ఈ సోయా మేత తిన్న పిల్ల బరువు తూగుతుంది గానీ ఆ నిగనిగ ఎక్కడిది?
ఈకల పొడి సంగతి నాకు తెలీదు. మేం ఈకలు పెంటకుప్పలో వేసేవాళ్ళం.

దెగ్లూర్_సోయా | ఆదివారం రాత్రి
బాబాయ్ గారూ, నమస్తే. నేను నాందేడ్ జిల్లా దెగ్లూర్ నుంచి. మా ఇంట్లో తెలుగే, బయట మరాఠీ. సోయా వ్యాపారం నాది, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకుని వినండి 😀
చేప లేకపోతే ఎదగదన్నది పాత మాట. ఇవాళ వేలకి వేలు బ్రాయిలర్లు మొక్కజొన్న, సోయా మీదే పెరుగుతున్నాయి. ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో తక్కువపడే మిథియోనిన్ విడిగా కొని వేస్తారు, అవసరమైతే లైసిన్ కూడా. చేప ముక్క ఒక్కటి ఉండదు. ధర విషయం అయితే ఒప్పుకుంటాను. 2021లో సోయా చెక్క ధర ఎలా ఎగిరిందో కోళ్ళవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చివరికి ఆ ఆగస్టులో ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి ఒప్పుకోవాల్సి వచ్చింది. మా రైతులకి అది నచ్చలేదు, అది వేరే గొడవ.

గరివిడి_వెట్ | సోమవారం ఉదయం
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. బాబాయ్ గారి రోజుల్లో చేప లేకుండా పిల్ల నిజంగానే ఎదిగేది కాదు. గింజలు, చెక్కల్లో ఉండనిదేదో చేపలో, మాంసంలో, కాలేయంలో ఉందని అప్పట్లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు గానీ అదేంటో తెలియక "యానిమల్ ప్రొటీన్ ఫ్యాక్టర్" అని పిలిచేవారు. అందులో ముఖ్యమైన భాగం బీ12 విటమిన్ అని తేలింది 1948లో, దాన్ని విడదీశాక. ఇప్పుడు మీరు మేతలో వేసే విటమిన్ ప్రీమిక్స్‌లో అది ఉంటుంది. అందుకే సోయా మేత నడుస్తోంది. ప్రీమిక్స్ మానేసి సోయా ఒక్కటే పెట్టి "చూశారా, ఎదగలేదు" అనేవాళ్ళని చాలామందిని చూశాను.

ఇక అసలు ప్రశ్న. పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు పొట్టలో మిగిలిన పచ్చసొన నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. జీర్ణరసాలు పూర్తిగా ఊరడానికి మాత్రం ఇంకా టైం పడుతుంది. ఆ మధ్యలో అరగని ప్రొటీన్ ఏది పెట్టినా కింది పేగుల్లోకి జారిపోతుంది. అక్కడ క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా కాచుకుని ఉంటుంది. పేగు పొర కుళ్ళే నెక్రోటిక్ ఎంటరైటిస్ చేప పొడి, మాంసం పొడి ఎక్కువైన మేతల్లో ఎక్కువగా రావడానికి ఒక కారణం ఇదే. కాబట్టి మొదటి పది రోజులకి నా సలహా: జంతు ప్రొటీన్ పెడితే అన్నిటికన్నా మంచి సరుకే పెట్టండి, లేదంటే అసలు వద్దు. చవక సరుకు పెట్టి చూసే వయసు అది కాదు.

ఈకల పొడి: 80 శాతం నిజమే కావచ్చు. ల్యాబ్‌లో ప్రొటీన్ అంటే నత్రజనిని కొలిచి 6.25తో గుణించడమే, అరుగుతుందా లేదా అన్నది ఆ లెక్కలో రాదు. ఈకలో ఉండేది కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్. గంధకం బంధాలతో బిగుసుకుపోయి ఉంటుంది. ఆవిరి ఒత్తిడిలో ఉడికించి ఆ బంధాలు తెంపితేనే కోడికి అరుగుతుంది. పచ్చి ఈక ఎండబెట్టి మర పట్టిస్తే అది మేతలో కలిపిన పొట్టుతో సమానం. బాగా ఉడికించిన దాంట్లో కూడా లైసిన్, మిథియోనిన్, హిస్టిడిన్, ట్రిప్టోఫాన్ తక్కువ. పెద్ద కోళ్ళకి 2–3 శాతం దాకా సర్దుకోవచ్చు. మూడు వారాల పిల్లకి సగం సోయా తీసి ఇది వేస్తే రెక్కలు సరిగా రావు, పిల్ల కుంగిపోతుంది.

రక్తం పొడి గురించి ఎవరూ అడగలేదు గానీ రేపు ఎవరో ఒకరు అమ్మడానికి వస్తారు, అందుకే ముందే చెప్తున్నా. ప్రొటీన్ 80 పైనే, లైసిన్ బ్రహ్మాండం, ఐసోల్యూసిన్ దాదాపు లేదు. ఎక్కువ మంట మీద మాడ్చితే ఆ లైసిన్ కూడా పోతుంది. రుచి కూడా పిల్లలకి నచ్చదు.

గుణుపురం_లెక్కలు | సోమవారం మధ్యాహ్నం
డాక్టర్ గారు చెప్పింది బాగుంది. నేను లెక్క కడతాను, అదే నా పిచ్చి.

వంద కిలోల పిల్లల మేత, ప్రొటీన్ 20 శాతం కావాలి. మొక్కజొన్న 58 కిలోలు, సోయా 31, తవుడు 8. మిగతా 3 కిలోల్లో డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), సున్నపు రాయి పొడి, ప్రీమిక్స్, మిథియోనిన్, ఉప్పు. మొక్కజొన్న 9, సోయా 45, తవుడు 12 శాతం అనుకుంటే మొత్తం ప్రొటీన్ 20 దాటుతుంది, సరిపోయింది.

ఇప్పుడు ఇందులో 6 కిలోల సోయా తీసి 6 కిలోల చేప పొడి వేద్దాం. మన బజారులో దొరికేది సంచి మీద ఎంత రాసినా 45 శాతం దాటితే గొప్ప. అంటే ప్రొటీన్ అంతే, 20. మరి లాభం? మంచి చేప అయితే లైసిన్, మిథియోనిన్ కొంచెం ఎక్కువ వస్తాయి, ఫాస్ఫరస్ వస్తుంది, డీసీపీ కొంత తగ్గించుకోవచ్చు. ధర సోయా కన్నా ఎక్కువైతే ఆ లాభం కూడా పోతుంది.

అసలు చిక్కు ఉప్పు. ఉప్పు వేసి ఎండబెట్టిన చేపలో ఉప్పు 15 శాతం ఉందనుకోండి. 6 కిలోల్లో 900 గ్రాముల ఉప్పు. అంటే మేతలో 0.9 శాతం అక్కడే వచ్చేసింది. ఫార్ములాలో అలవాటుగా వేసే 300 గ్రాములు తీయడం మర్చిపోతే 1.2. పిల్లలకి మొత్తం మీద 0.3–0.4 చాలు. మూడు నాలుగు రెట్లు!

రాయగడ_అక్క | సోమవారం సాయంత్రం
ఆ ఉప్పు సంగతి మా పక్క ఊళ్ళో చూశాం. మా మహిళా సంఘంలో ఒకామె సంతలో తెచ్చిన ఎండు చేపల చూర్ణం పిల్లల మేతలో కలిపింది. పిల్లలు నీళ్ళ గిన్నె వదల్లేదు. తాగుతూనే ఉన్నాయి, రెట్టలు నీళ్ళలా, కింద వేసిన ఊక అంతా తడి. కొన్నిటికి పొట్ట ఉబ్బిపోయింది. అమ్మినవాడేమో "రోగం వచ్చింది, మందు వాడండి" అన్నాడు. మేత మార్చాక మిగతావి తేరుకున్నాయి.
నా ప్రశ్న వేరు. మాకు సోయా కూడా ఖరీదే. చికెన్ షాపులో పేగులు, తలలు ఊరికే ఇస్తారు. ఉడకబెట్టి పెడితే తప్పా? మగవాళ్ళు "పెద్ద కంపెనీలు కూడా అదే చేస్తాయి" అంటారు.

గరివిడి_వెట్ | సోమవారం రాత్రి
అక్కా, ఆ పొట్ట ఉబ్బడం ఉప్పు వల్ల వచ్చే జలోదరమే అయి ఉండొచ్చు. చిన్న పిల్లల మూత్రపిండాలకి ఆ ఉప్పుని బయటికి పంపే శక్తి ఉండదు. తాగడానికి మంచి నీళ్ళు పుష్కలంగా పెట్టి మేత మార్చడమే మందు.

షాపు వ్యర్థాల విషయంలో నేను గట్టిగా వద్దంటాను. కంపెనీలు చేసేది వేరు. యూరప్‌లో ఒక పద్ధతి ప్రకారం 133 డిగ్రీల వేడి, 3 బార్ ఒత్తిడి, 20 నిమిషాలు ఉడికించాలి. మన కట్టెల పొయ్యి మీద డేగిశాలో నీళ్ళు వంద డిగ్రీలు దాటవు. సాల్మొనెల్లా, కొక్కెర (రానిఖేత్) వైరస్ ఆ వేడికి చావొచ్చు గానీ క్లాస్ట్రిడియం స్పోర్లు, అంటే దాని గట్టి బీజాలు, చావవు. ఇంకా పెద్ద ప్రమాదం ఉడికించకముందే ఉంది. ఆ పేగుల బకెట్ మీ ఇంటికి వస్తుంది, మీ చేతులకి, చెప్పులకి అంటుకుంటుంది, అవే చేతులతో బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచే చోట) నీళ్ళు మారుస్తారు. ఎక్కడెక్కడి కోళ్ళో ఆ షాపులో కోస్తారు. కొక్కెర అయినా బర్డ్ ఫ్లూ అయినా అలాగే ఊళ్ళోకి వస్తుంది. కొక్కెరకి లసోటా టీకా చుక్క వేశాం కదా అని ధైర్యం వద్దు.

నిల్వ ఉండి కుళ్ళిన మాంసం అయితే బొట్యులిజం కూడా. అది వస్తే పిల్లలు మెడ నిలబడక నేలకి వాల్చేస్తాయి.

గోదారి_గట్టు_సిరోంచ | సోమవారం రాత్రి
అక్కా, మేము గడ్చిరోలి జిల్లాలో, గోదారికి ఇవతల. మా గోండు పెద్దలు పిల్లలకి చెదలు పెడతారు. మట్టి కుండలో తడిపిన పేడ, ఎండు గడ్డి వేసి సాయంత్రం చెదపుట్ట పగలగొట్టిన చోట బోర్లిస్తారు. తెల్లారేసరికి కుండ నిండా చెదలు. తల్లి కోడి పిలిచి పిల్లల చేత తినిపిస్తుంది. పైసా ఖర్చు లేదు. తొలకరిలో ఉసిళ్ళు లేస్తే ఇంకా పండగే, మేమే తింటాం, కోళ్ళకి మిగిలితే కదా 😄
రెండు జాగ్రత్తలు. పత్తి చేల గట్టున ఉన్న పుట్టలు ముట్టుకోవద్దు, అక్కడ మందులు కొడతారు. పుట్టలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి, అందులో చెదలే ఉంటాయని ఎవరు రాసిచ్చారు.

పట్టు పురుగుల ప్యూపా (పట్టు కాయ లోపలి పురుగు) కూడా బాగుంటుంది. మాకు టసర్ పట్టు కాయలు ఉంటాయి, అవతలి ఒడ్డున మహదేవ్‌పూర్‌లోనూ తీస్తారు. కానీ దాంట్లో నూనె చాలా. నూనె తీయకుండా నిల్వ పెడితే వారంలోనే ముక్కు మూసుకోవాలి.

గరివిడి_వెట్ | సోమవారం రాత్రి
సిరోంచ అన్న చెప్పింది నాకూ నచ్చింది. సంఘం వాళ్ళు పెంచే పదీ ఇరవై పిల్లలకి అది చాలు. చీమలు, ఈగల ద్వారా బద్దె పురుగు వస్తుంది, కాబట్టి ఇలా పురుగులు తినే పిల్లలకి రెండో నెలలో నట్టల మందు తప్పనిసరి.

నూనె మాట వచ్చింది కాబట్టి ఒకటి. చేప పొడిలోనూ, ప్యూపాలోనూ నూనె చెడితే మేతలో ఉన్న విటమిన్ ‘ఇ’ (E)ని తినేస్తుంది. రెండు నుంచి నాలుగు వారాల మధ్య పిల్లలు ఉన్నట్టుండి తూలిపోయి, తల వెనక్కి విరిచి, కాళ్ళు కొట్టుకుంటూ పడిపోతే కొక్కెర అనుకుని కంగారు పడతారు. చాలాసార్లు అది చిన్న మెదడు దెబ్బతినడం, కారణం ముక్కిపోయిన నూనె. పచ్చి చేప తలలు, పొట్టలు పెడితే ఇంకొక రకం: వాటిలో బీ1ని విరగ్గొట్టే థయమినేజ్ ఉంటుంది, పిల్ల ఆకాశం వైపు చూస్తూ కూలబడుతుంది. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది.

బరంపురం_బాబాయ్ | మంగళవారం ఉదయం
డాక్టర్ గారూ, ఇన్ని రోగాలు చెప్పి భయపెట్టేశారు. మేం పెట్టినప్పుడు ఇవేవీ లేవు మరి. సముద్రం ఒడ్డున ఇసుకలో ఆరబెట్టిన చేప, ఉప్పు తక్కువ, మూడు రోజుల్లో దంచి వాడేసేవాళ్ళం. ఇప్పుడు హుమ్మా దగ్గర చేపల బజారుకి వెళ్ళి తెలిసినవాడి దగ్గర ఏరి తెచ్చుకున్నా నేను మేతలో కలుపుతాను. రొయ్య తలలు కూడా వేసేవాణ్ణి. ఎవరేమన్నా చేపలో ఉన్నది సోయాలో లేదు, మీరు దానికి ఏ పేరైనా పెట్టుకోండి.

గరివిడి_వెట్ | మంగళవారం ఉదయం
మూడు రోజుల్లో వాడేశారు, అదే మిమ్మల్ని కాపాడింది బాబాయ్ గారూ. ఇప్పటి సరుకు గోదాముల్లో నెలలు తిరిగి వస్తుంది. కొన్నిచోట్ల ఎక్కువ వేడిలో మాడ్చి ఆరబెడతారు. అప్పుడు చేపలో పుట్టే గిజెరోసిన్ అనే పదార్థం కందనకాయని పుండు చేస్తుంది, పిల్ల నల్లటి వాంతి చేసుకుంటుంది. 1983లో జపాన్‌వాళ్ళు దాన్ని విడదీశారు. రొయ్య తలల్లో కైటిన్ అనే పెంకు పదార్థం ఉంటుంది, దాని నత్రజని కూడా ప్రొటీన్ లెక్కలో కలిసిపోతుంది, సంఖ్య చూసి మోసపోవద్దు.

నిర్వాహకులు | మంగళవారం మధ్యాహ్నం
"గ్యారంటీ 65% ప్రొటీన్, డోర్ డెలివరీ" అని ఫోన్ నంబర్‌తో వచ్చిన పోస్టు తొలగించాం. అమ్మకాల విభాగం వేరే ఉంది.

పర్లాకిమిడి_నర్సరీ | మంగళవారం రాత్రి
శాంపిళ్ళు ఇంట్లోనే చూశాను. గాజు గ్లాసులో నీళ్ళు పోసి చేప పొడి వేసి తిప్పి, పైనది వంచేస్తే అడుగున గరగరలాడే ఇసుక. వ్యాపారికి ఫోన్ చేస్తే "అది చేప ఎముక" అన్నాడు. ఎముక వేళ్ళ మధ్య అలా మెరవదు కదా. ఈకల పొడిలో ఈక పోగులు కంటికే కనిపిస్తున్నాయి, వేళ్ళతో నలిపితే నలగలేదు. దాన్ని పక్కన పెట్టేశాను.
మాంసం–ఎముకల పొడి మాత్రం వాసన బాగానే ఉంది, ముదురు గోధుమ రంగు. దీని గురించి ఎవరూ ఎక్కువ చెప్పలేదు. ఇది చట్టప్రకారం వాడొచ్చా? పిచ్చి ఆవుల రోగం ఇలాంటి దాంతోనే వచ్చిందని చదివాను.

దెగ్లూర్_సోయా | మంగళవారం రాత్రి
చట్టం నేను చెప్తా, వ్యాపారంలో ఇది తెలుసుకోక తప్పదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనలో పాలు, మాంసం ఇచ్చే పశువులకి ఆవు జాతి, పంది మూలం ఉన్న మాంసం పొడి, ఎముకల పొడి, రక్తం పొడి పెట్టకూడదు అని ఉంది. కోళ్ళు, పందులు, చేపలకి మినహాయింపు. అంటే కోడికి పెట్టొచ్చు, గేదెకి కుదరదు. యూరప్‌లో పిచ్చి ఆవుల రోగం తర్వాత 2001లో అన్నిటికీ కట్ చేశారు. 2021లో పంది నుంచి తీసింది కోడికి, కోడి నుంచి తీసింది పందికి, పురుగుల ప్రొటీన్ రెండిటికీ మళ్ళీ ఒప్పుకున్నారు. కోడిది కోడికే మాత్రం ఇప్పటికీ లేదు. మన దగ్గర ఆ పట్టింపు ఎవరికీ ఉన్నట్టు లేదు.

గుణుపురం_లెక్కలు | మంగళవారం రాత్రి
మాంసం–ఎముకల పొడిలో కాల్షియం 10, ఫాస్ఫరస్ 5 శాతం దాకా ఉంటాయి. వంద కిలోల మేతలో 5 కిలోలు వేస్తే కాల్షియం అర శాతం అక్కడే. పిల్లకి మొత్తం కావాల్సింది 1 శాతం. పాత ఫార్ములాలో డీసీపీ, సున్నపు రాయి అలాగే ఉంచి దీన్ని పైన వేస్తే కాల్షియం ఎక్కువై మూత్రపిండాలు పాడవుతాయి. డీసీపీ దాదాపు పూర్తిగా తీసేయొచ్చు. నిజానికి దీన్లో మిగిలేది అక్కడే. ఇప్పుడు డీసీపీ ధర చూశారా?

ఇంకో మోసం. యూరియాలో నత్రజని 46 శాతం, 6.25తో గుణిస్తే 287 "ప్రొటీన్". క్వింటాలు చెత్త చేప పొడిలో 5 కిలోల యూరియా కలిపితే కాగితం మీద 14 శాతం పెరిగిపోతుంది! గేదె కడుపులో యూరియా కాస్త పనికొస్తుంది, కోడికి విషమే.
ఇంట్లో చూడాలంటే: పచ్చి సోయా గింజల పిండి ఒక చెంచా, అనుమానం ఉన్న పొడి ఒక చెంచా, గోరువెచ్చటి నీళ్ళు సీసాలో పోసి మూత బిగించండి. సోయా కలపని సీసా ఇంకొకటి పక్కన పెట్టండి. కాసేపాగి రెండూ వాసన చూడండి. సోయా వేసిన దాంట్లోనే అమ్మోనియా గుప్పున కొడితే యూరియా ఉన్నట్టు. రెండిట్లోనూ కొడితే సరుకు కుళ్ళినట్టు.

రాయగడ_అక్క | మంగళవారం రాత్రి
ఆ సీసాల సంగతి రేపు సంఘంలో చేసి చూపిస్తాను. మా వాళ్ళు కాగితాలు నమ్మరు, ముక్కుని నమ్ముతారు.
ఒక్క మాట. మేత బస్తా పశువుల పాక పక్కన పెట్టకండి. మా ఇళ్ళల్లో కోళ్ళ మేత మిగిలితే ఆవు కుడితిలో పోసే అలవాటు ఉంది.

పర్లాకిమిడి_నర్సరీ | బుధవారం ఉదయం
అందరికీ థాంక్స్. మొదటి పది రోజులు మా పాత సోయా మేతే. తర్వాత మాంసం–ఎముకల పొడి 3 శాతం, డీసీపీ తగ్గించి, అదీ ల్యాబ్ రిపోర్టు బాగుంటేనే. చేప కావాలంటే బాబాయ్ గారితో హుమ్మా వెళ్తాను, ఆయన ఒప్పుకుంటే. డాక్టర్ గారూ, శాంపిల్ ఎలా పంపాలి, ఏం పరీక్షలు అడగాలి?

బరంపురం_బాబాయ్ | బుధవారం ఉదయం
వచ్చేయ్. తెల్లవారుజామున రావాలి. ఎండెక్కాక వస్తే ఏరుకోవడానికి మంచి చేప మిగలదు.

గరివిడి_వెట్ | బుధవారం మధ్యాహ్నం
వ్యాపారి చేతికిచ్చిన పొట్లం పంపకండి, అది ఎప్పుడూ బాగానే ఉంటుంది. కొనబోయే బస్తాల్లో నాలుగైదు విప్పించి, పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి గుప్పెడు గుప్పెడు తీసి గోనె మీద కలపండి. అందులోంచి అర కిలో తడి లేని పాలిథిన్ కవర్లో సీలు చేసి, తేదీ రాసి పంపండి. ఇంకో అర కిలో మీ దగ్గరే ఉంచుకోండి, రేపు గొడవ వస్తే పనికొస్తుంది. పశువైద్య కళాశాలల్లో పశుపోషణ విభాగాన్ని అడగండి: మీకు గరివిడి దగ్గర, రాయగడ వాళ్ళు భువనేశ్వర్ కూడా చూడొచ్చు, దెగ్లూర్ వాళ్ళకి ఉద్‌గీర్. ప్రైవేటు ల్యాబులూ చేస్తాయి.
అడగాల్సినవి: తేమ, ముడి ప్రొటీన్, యూరియా, ఉప్పు, ఇసుక (ఆమ్లంలో కరగని బూడిద అని రాయండి), కాల్షియం, ఫాస్ఫరస్, పెప్సిన్‌తో (ప్రొటీన్‌ని అరిగించే జీర్ణరసం) ఎంత అరుగుతుంది, నూనె ముక్కిందా లేదా. అన్నిటికీ డబ్బు సరిపోకపోతే చేప పొడికి ఉప్పు, ఇసుక, యూరియా, మాంసం పొడికి కాల్షియం, పెప్సిన్ పరీక్ష ముందు చేయించండి. సాల్మొనెల్లా పరీక్షకి శాంపిల్ వేరుగా, శుభ్రమైన కవర్లో, చెయ్యి తగలకుండా తీయాలి.

గుణుపురం_లెక్కలు | బుధవారం మధ్యాహ్నం
రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టు తమ్ముడూ. ఆ అంకెలతో ఫార్ములా మళ్ళీ కడదాం, సంచి మీద అంకెలతో వద్దు.